ఈ ప్రశాంతతకి అద్దె ఎవరు కడుతున్నారు?

"ప్రశాంతంగా ఉంటుంది" అన్న మాట మీద నాకు చాలాకాలంగా కోపం. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు పొడుగునా ఏ హోర్డింగ్ చూసినా అదే మాట. నీలం సముద్రం, కొబ్బరిచెట్టు, బాల్కనీలో కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డ ఓ స్త్రీ, కింద పెద్దక్షరాలతో ప్రశాంత జీవనం. రియల్ ఎస్టేట్ వాళ్ళు అన్నారంటే వాళ్ళ వ్యాపారం వాళ్ళది, సరే. ఈమధ్య మన సభల్లో కూడా ఇదే వినిపిస్తోంది. రచయిత్రులు ఊరి గోలకి దూరంగా, వీలైతే సముద్రం పక్కన, ఓ చిన్న ఇల్లు చూసుకోవాలనీ, అక్కడయితే ఏ చప్పుడూ లేకుండా రాసుకోవచ్చనీ ఒక వక్త అంటే హాలంతా చప్పట్లు కొట్టారు. నేను అటువంటి చోటే పదహారేళ్ళుగా ఉంటున్నాను. ఆ చప్పట్లలో చెయ్యి కలపలేకపోయాను.

మా కాలనీ జోడుగుళ్ళపాలెం దాటాక, రుషికొండ రాకముందు ఉంది. డెబ్భై దాకా ఇళ్ళు. ఉదయం పది దాటితే వీధిలో పిట్ట మనిషి ఉండడు. మధ్యాహ్నం మూడింటికి నిలబడి వింటే సముద్రపు హోరు, ఎవరింట్లోనో వాషింగ్ మెషిన్ తిరుగుతున్న చప్పుడు, అంతే. చూడ్డానికి వచ్చిన స్నేహితురాళ్ళు "అబ్బ, ఎంత హాయిగా ఉందే" అంటారు. హాయిగానే ఉంటుంది, మూడురోజులు ఉండి వెళ్ళేవాళ్ళకి.

ఉప్పుగాలి సంగతి హోర్డింగ్ మీద రాయరు. కిటికీ గ్రిల్సు ఏటేటా గీకి రంగు వెయ్యాలి. ఫ్రిజ్ అడుగున తుప్పు, గ్యాస్ స్టవ్ కాళ్ళకి తుప్పు, అలమరాలో పుస్తకాలకి బూజు. వడియాలు పెడితే ఎండవు, ఎండినా సాయంత్రానికి మెత్తబడిపోతాయి. ఆరేసిన చీర తీస్తే చేతికి జిగురు. తుడిచిన గంటకి మళ్ళీ గచ్చు మీద ఇసక కరకరమంటుంది. వీటన్నిటి వెనకా ఒక మనిషి చెయ్యి తిరుగుతూ ఉండాలి. నూటికి తొంభై ఇళ్ళలో ఆ చెయ్యి ఆ ఇంటి ఆడమనిషిది, లేకపోతే ఆమె డబ్బిచ్చి పెట్టుకున్న ఇంకో ఆడమనిషిది. సముద్రానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూచునేది మాత్రం ఎక్కువగా రిటైరైన మగవాళ్ళు. ఇందులో కొత్త ఏముందంటారా? ఇంటిపని గురించి యాభై ఏళ్ళుగా రాస్తున్నాం, నిజమే. కానీ "ప్రశాంతత" అనే మాట ఈ పనినంతా ఎంత చక్కగా మాయం చేస్తుందో చూడండి. ఊరి మధ్యలో ఇల్లయితే కనీసం "చాకిరీ" అని పేరుంటుంది. ఇక్కడ దాన్ని "బీచ్ లైఫ్" అంటున్నారు.

పనికి వచ్చే స్త్రీలు పొద్దున్న ఆరున్నరకల్లా గేటు దగ్గర సంతకం పెట్టి, సంచీ విప్పి చూపించి లోపలికి వస్తారు. వెళ్ళేటప్పుడు మళ్ళీ చూపించాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకి సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కదా, దానివల్ల వాళ్ళకి రోజుకి కొంత మిగులుతోంది, సంతోషం. "ఫ్రీ బస్సొచ్చింది కదా, ఇంకా జీతం పెంచమని అడుగుతారేమిటి?" అన్న ఇల్లాలు కూడా మా వీధిలోనే ఉంది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి కనీస వేతనాలు నిర్ణయిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఉత్తర్వు వచ్చిందని చెబితే ఆవిడ నన్ను వింతగా చూసింది.

అసలు నేను రాయదలుచుకున్నది చేపలమ్మే వాళ్ళ గురించి.

ఈ తీరం పేర్లు ఒకసారి వరసగా అనుకోండి. పెద జాలారిపేట, వాసవానిపాలెం, జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట, చేపల తిమ్మాపురం. పాలెం, పేట. సముద్రం మీద బతికినవాళ్ళు పెట్టుకున్న పేర్లు. వాటి పక్కనే కాలనీలు లేచాయి, సాగర్, బే, వ్యూ అని కొత్త పేర్లు పెట్టుకున్నాయి. మువ్వలవానిపాలెం అన్న ఊరిపేరు ఎం.వి.పి. అనే మూడక్షరాల్లోకి కుదించుకుపోయింది. ఆ మూడక్షరాలకి అర్థం తెలియని పిల్లలు అక్కడే పుట్టి పెరిగి అమెరికా వెళ్ళిపోయారు. పేర్ల తర్వాత వంతు మనుషులది.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో రోజూ ఏడున్నరకి ఒకావిడ గంపతో వచ్చేది. "సేపలోయ్, సేపలూ" అని వీధి మొదట్లో మొదలుపెడితే ఆ గొంతు చివరి ఇంటి పెరటిదాకా వినిపించేది. వంజరం, కానాగంతలు, నెత్తళ్ళు, కవళ్ళు, ఆ రోజు వలలో ఏం పడితే అది. తెల్లారకముందే ఒడ్డున పాటలో పాడి కొనుక్కోవాలి, అందుకు పెట్టుబడి రోజువారీ వడ్డీకి తేవాలి, ఐసు కొనాలి, ఎండ ముదిరేలోగా అమ్ముకోవాలి. లెక్కంతా నోటిమీదే. నేను ఆవిణ్ణి అప్పా అనేదాన్ని, ఆవిడ నన్ను పంతులమ్మగోరూ అనేది. చేపలు తోమి, పొలుసు గీసి, ముక్కలు కోసిచ్చేందుకు పెరట్లో కుళాయి దగ్గర కూచుంటే పావుగంట ఇరవై నిమిషాలు పట్టేది. ఆ ఇరవై నిమిషాలూ కబుర్లు. ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఎవరింట్లో నిన్న రాత్రి పొయ్యి వెలగలేదు, అన్నీ ఆవిడకి తెలుసు. డెబ్భై ఇళ్ళ పెరళ్ళు చూసిన మనిషి ఆ కాలనీలో ఆవిడొక్కతే. మేమందరం ముందు గుమ్మాల మనుషులం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బయటివాళ్ళెవరినీ లోపలికి రానివ్వకూడదని మా సంక్షేమ సంఘం గేటుకి బోర్డు కట్టింది. అప్పటికది సబబే. వైరస్ భయం పోయింది, కూరగాయల యాప్‌ల కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద రోజుకి నలభైసార్లు లోపలికి వస్తున్నారు, బోర్డు మాత్రం అలాగే ఉంది. తర్వాత దానికి ఇంకో వాక్యం కూడా చేర్చారు: వీధుల్లో కేకలు వేసి అమ్మడం నిషేధం. కారణం ఏమిటని అడిగితే మూడు చెప్పారు. వాసన. శబ్దకాలుష్యం. మన ఆడవాళ్ళ భద్రత.

ఒక్కొక్కటే చూద్దాం.

వాసన. ఆదివారం మధ్యాహ్నం మా వీధిలో ప్రతి రెండో ఇంటినుంచీ చేపల పులుసు వాసన వస్తుంది. అది ఎవరికీ అభ్యంతరం కాదు. ఫ్రీజర్ వ్యాన్‌లో, ప్లాస్టిక్ డబ్బాలో, లోగో వేసుకుని వచ్చే చేప కంపు కొట్టదు. గంపలో వచ్చేది కొడుతుంది. అంటే వీళ్ళకి పడనిది చేప వాసన కాదు, మోసే మనిషి. ఇది కులం మాట అని మీటింగులో అంటే "మీరు ప్రతిదానికీ అవే తెస్తారు మేడమ్" అన్నారు. ఆ వాసన పేరు చెప్పే బస్సుల్లో గంపలు ఎక్కనివ్వరు. కేరళలో 2021లో తిరువనంతపురంలో చేపలమ్మే స్త్రీల కోసం "సముద్ర" పేరుతో ప్రత్యేకంగా ఉచిత బస్సులు వేశారు. మన 900కె బస్సులో కూడా ఇప్పుడు ఆడవాళ్ళకి టికెట్ లేదు. అయితే ఆడమనిషికి చోటుంది, ఆమె గంపకి లేదు.

శబ్దకాలుష్యం. 2000 సంవత్సరపు నియమాల ప్రకారం నివాసప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పదినుంచి పొద్దున్న ఆరుదాకా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. శనివారం రాత్రి బీచ్ రోడ్డు పక్క రిసార్టుల్లో డీజే అర్ధరాత్రి దాకా మోగితే మా కిటికీ అద్దాలు అదురుతాయి. దానిమీద సంఘం ఇంతవరకూ ఒక్క ఉత్తరం రాయలేదు. 2021 నుంచి రుషికొండని తొలిచి కట్టినంతకాలం యంత్రాలు మోగుతుంటే అది అభివృద్ధి, భూమి ధర పెరుగుతుందని చెప్పుకున్నారు. యాభై ఏళ్ళు దాటిన ఆడమనిషి గొంతెత్తి నిమిషంసేపు పిలిస్తే అది కాలుష్యం. ఆవిడ ఒకసారి గేటు బయట నాతో అంది: "ఏటి పంతులమ్మగోరూ, అరవకపోతే నానొచ్చేనని ఇళ్ళల్లో ఆడోళ్ళకి ఎలగ తెలుస్తాది? ఆళ్ళ కాడ సెల్లుంటాది గానీ నా నంబరుండదు కదా." దీనికి సంఘం దగ్గర జవాబు లేదు, అవసరమనీ అనుకోలేదు.

మూడోది, ఆడవాళ్ళ భద్రత. దీని దగ్గర నేను ఆగాలి, ఎందుకంటే ఇది మన పేరు మీద చేస్తున్న పని.

ముంబయి వీధుల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో "వై లాయిటర్?" అనే పుస్తకం తెచ్చారు. మనలో చాలామంది క్లాసుల్లో చెప్పాం. మధ్యతరగతి స్త్రీ భద్రత అనే మాట అడ్డం పెట్టుకుని ఎవరెవరిని వీధినుంచి తరిమేస్తారో, అలా తరిమేశాక ఆ స్త్రీకీ వీధిలో చోటు మిగలకపోవడం ఎలా జరుగుతుందో వాళ్ళు వివరించారు. మా కాలనీ దానికి నమూనా. తోపుడుబళ్ళు లేవు, చేపల గంపలు లేవు, సోడాబండి లేదు, ముంతకింద పప్పు అమ్మే ముసలాయన లేడు. రాత్రి ఎనిమిదికి కాలేజీ నుంచి వచ్చి బస్సు దిగితే మెయిన్ రోడ్డు నుంచి గేటుదాకా మూడొందల గజాలు. వెలుగుంది, కెమెరా ఉంది, మనిషి లేడు. పెద జాలారిపేట సందుల్లో రాత్రి తొమ్మిదింటికి నేను ఒక్కదాన్నీ నడిచాను, అరుగుల మీద ఆడవాళ్ళు కూచుని వలల గురించో టీవీ సీరియల్ గురించో కేకలు వేసుకుంటూ ఉంటారు. అక్కడ భయం వెయ్యలేదు. ఈ ప్రశాంతమైన మూడొందల గజాల్లో రోజూ తాళంచెవి వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని నడుస్తాను.

ఇళ్ళ లోపల భద్రత ఎలా ఉందో కూడా చెప్పాలి కదా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 18 నుంచి 49 ఏళ్ళ మధ్య వివాహిత స్త్రీలలో 29 శాతం మంది భర్త హింస చవిచూసినవాళ్ళు. ఆ లెక్క గేటు బయటే ఆగిపోతుందా? ఏసీ వేసి, కిటికీలు మూసి, ఇంటికీ ఇంటికీ మధ్య పది అడుగుల సెట్‌బ్యాక్ వదిలితే లోపల గ్లాసు పగిలినా బయటికి వినపడదు. 2008లో "బెల్ బజావో" అని బ్రేక్‌త్రూ సంస్థ ప్రచారం చేసింది గుర్తుందా? పక్కింట్లో కొడుతున్న చప్పుడు వినిపిస్తే వెళ్ళి కాలింగ్ బెల్ కొట్టండి అని. మంచి ప్రచారం. కానీ అందులో వినిపిస్తే అన్న షరతుంది.

కొన్నేళ్ళ కిందట, బోర్డు రాకముందు, ఒక రోజు అప్ప మా పెరట్లో కానాగంతలు తోముతూ తలెత్తకుండా అంది: "ఆ మూలింటి కోడలు పిల్ల సెయ్యి సూసేరా?" నేను చూడలేదు. ఆ అమ్మాయి ముందు గుమ్మంలో ఎదురైనప్పుడల్లా నిండు చేతుల జాకెట్టు, నవ్వు. పెరట్లో గిన్నె పట్టుకుని వంగినప్పుడు చెయ్యి పైకి జరిగితే అప్ప చూసింది. నాలుగు రోజులు ఏమీ అడగలేదట. అయిదో రోజు "అమ్మా, మా పెదపాపకీ ఇలగే అయినాది" అని తన కూతురి కథ చెప్పిందట. ఆ తర్వాత ఆ అమ్మాయి నోరు విప్పింది. నా ఫోన్ నంబరు ఒక కాగితం ముక్క మీద రాయించుకుని, చేపలు చుట్టే ఆకు కింద పెట్టి అందించింది అప్ప. 2005 గృహహింస చట్టం, రక్షణాధికారి, నివాస ఉత్తర్వు, ఇవన్నీ తర్వాత మేము చేసిన పనులు. ఆ అమ్మాయి గురించి ఇంతకంటే రాయను, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. డెబ్భై ఇళ్ళలో చదువుకున్నవాళ్ళం, డాక్టర్లం, లెక్చరర్లం, ఒక రిటైర్డ్ జడ్జిగారు కూడా ఉన్న చోట, ఆ పిల్ల చేతికేసి చూసింది గంప మోసిన మనిషి. ఆ మనిషిని ఇప్పుడు ఆడవాళ్ళ భద్రత కోసం గేటు బయట పెట్టాం.

హుద్‌హుద్ రోజులు చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెబుతాను. 2014 అక్టోబర్ 12న తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. మా కాలనీ ప్రహరీ గోడ రెండుచోట్ల పడిపోయింది, గేటు ఊడిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అందరం వీధిలోకి వచ్చాం. కొవ్వొత్తులు, నీళ్ళు, పాలపొడి ఇచ్చిపుచ్చుకున్నాం. పక్క పాలెంలో ఇళ్ళ కప్పులు ఎగిరిపోయినవాళ్ళు కూడా పడిన కొబ్బరిచెట్లు నరికి మా దారి క్లియర్ చేశారు. ఆ వారం రోజుల్లో మా కాలనీ ఆడవాళ్ళు ఒకరి పేర్లు ఒకరు తెలుసుకున్నారు, అప్పటిదాకా ఫలానా వారి మిసెస్సులే. తుఫాను మంచిదని కాదు నేనంటున్నది. పాలేనికి అది మిగిల్చిన నష్టం చిన్నది కాదు. కానీ గోడ మళ్ళీ లేచినప్పుడు ముందుకంటే రెండడుగులు ఎత్తు లేచింది, ఆ సంగతి గమనించమంటున్నాను.

ఇక మనకి, అంటే రాసుకునే ఆడవాళ్ళకి, ఏకాంతం అక్కర్లేదా? కావాలి. అబ్బూరి ఛాయాదేవిగారి "సుఖాంతం" కథలో కంటినిండా నిద్రకి మొహం వాచిన స్త్రీని మరచిపోయే మనిషిని కాదు నేను. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన గది, తాళం, ఏడాదికి 500 పౌండ్లు, ఇవి ఇప్పటికీ మనలో ఎందరికో అందలేదు. అయితే ఆ గదిని ఊడ్చిందెవరు, ఆమెకి భోజనం వండిందెవరు అన్న ప్రశ్న కూడా పాతదే. వుల్ఫ్‌కీ ఆమె వంటమనిషి నెల్లీ బాక్సాల్‌కీ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన గొడవల గురించీ, ఆ ఇంటి పనివాళ్ళ గురించీ ఆలిసన్ లైట్ 2007లో ఏకంగా ఒక పుస్తకమే రాసింది. గది కోరడం వేరు, వీధికి తాళం వెయ్యడం వేరు. తలుపేసుకుంటే నా గదిలో నాకు కావలసినంత నిశ్శబ్దం వస్తుంది. అందుకోసం బయట ఇంకొకరి గొంతు నొక్కనక్కర్లేదు. అసలు నాకు తెలిసి ఏ కథా చప్పుడు లేకపోవడం వల్ల పుట్టలేదు.

వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకి పెరిగింది. అది పడవమీద వేటకి వెళ్ళేవాళ్ళకి. ఒడ్డున కొని, మోసి, అమ్మి, ఆ డబ్బుతో ఇల్లు నడిపే స్త్రీకి ఆ లెక్కలో చోటు లేదు, ఆమె మత్స్యకారుడి భార్య, అంతే. వీధివ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీల్లో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారుల ప్రతినిధులు ఉండాలనీ, వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలనీ అందులో ఉంది. మా సంఘం పెద్దలు ఆ చట్టం పేరు వినలేదు. వినిపించాను. "ఇది ప్రైవేటు రోడ్డు" అన్నారు. ప్లాన్ ప్రకారం రోడ్లు కార్పొరేషన్‌కి అప్పగించినవని కాగితం చూపించాను. అప్పుడు "ఎజెండాలో లేదు" అన్నారు.

సంఘంలో సభ్యత్వం ఇంటి యజమానికి. యజమాని అంటే రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉన్న పేరు. డెబ్భై ఇళ్ళలో ఆడవాళ్ళ పేరున ఉన్నవి పన్నెండు, మీటింగుకి వచ్చేది నలుగురం. మిగిలినవాళ్ళు వినాయకచవితికి ప్రసాదాల కమిటీలో ఉంటారు. ఇటువంటి కాలనీల్లో ఇల్లు కొనుక్కున్న రచయిత్రులూ ప్రొఫెసర్లూ ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. మీ సంఘం నియమావళి ఒకసారి తెప్పించుకుని చదవండి. గేటు దగ్గర ఏం రాసి ఉందో చూడండి. సాహిత్య సభలకి సెలవు పెట్టి వెళ్తాం కదా, ఆదివారం పొద్దున్న పదింటికి జరిగే ఆ మీటింగుకి కూడా వెళ్ళండి.

నేను అడిగినవి మూడే. బోర్డు తీసెయ్యాలి. ఉదయం ఆరునుంచి పదిదాకా అమ్మేవాళ్ళని పిలుచుకుంటూ రానివ్వాలి. గేటు పక్క ఖాళీ జాగాలో నాలుగు రేకులు వేసి, ఒక కుళాయి, ఒక బల్ల పెట్టాలి. ఖర్చు అంచనా కూడా జతపరిచాను, గేటుకి కొత్తగా బిగించిన కెమెరాలకయినదానికంటే తక్కువే. పన్నెండుమంది స్త్రీ యజమానుల్లో ఏడుగురు సంతకం పెట్టారు. ఇంకో ఇద్దరు "ఆయన్ని అడిగి చెబుతాం" అన్నారు. సర్వసభ్య సమావేశం జూన్ మొదటి ఆదివారం. జూన్ 15న పడవలు మళ్ళీ దిగుతాయి.